కారు కమాన్లకు నూనె వేసిన తాతయ్య

నా చిన్నప్పుడు, మన నేతవాళ్ళు వలస వెళ్ళి స్థిరపడ్డ కామత్‌ఘర్‌లో మా తాతయ్య మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. చుట్టుపక్కల ఏ పవర్‌లూమ్ మొరాయించినా ముందు ఆయనకే కబురు వచ్చేది. కాసేపు నిలబడి చప్పుడు వింటే చాలు, లోపం ఎక్కడుందో చెప్పేసేవాడు. మగ్గానికి సగం జబ్బులు నూనె లేకనే వస్తాయని ఆయన నమ్మకం. పొద్దున్నే దీపం పెట్టి, మా కార్ఖానాలో ప్రతి మగ్గానికీ తానే నూనె వేశాక గానీ మోటారు వేయనిచ్చేవాడు కాదు.

అదే చేత్తో మా పాత కారుకూ వేసేవాడు. ఆ కారు వెనక చక్రాల దగ్గర ఇనుప పట్టీల కమాన్లు ఉండేవి. వాటి చివర్లలో గుండ్రటి కన్నాలు, ఆ కన్నాల్లో రబ్బరు బుష్‌లు. బండి గుంతలో పడినప్పుడు ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా కాసేవి అవే. అవి కిర్రుమన్నప్పుడల్లా తాతయ్య కింద పడుకుని నూనె చుక్కలు వేసేవాడు, చప్పుడు ఆగిపోయేది. లేచి చేతులు తుడుచుకుంటూ మా వైపు చూసే ఆ చూపులో ఎంత గర్వమో!

ఒక ఏడు మా అమ్మ నీళ్ళోసుకుంది. అంతకుముందు ఒక బిడ్డ కడుపులో నిలవలేదు. అందుకే ఈసారి నెలనెలా వచ్చి చూపించుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆసుపత్రి అంజూర్ ఫాటా కూడలి దాటి చాలా దూరం. ఒకసారి తిరిగి వస్తుంటే కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకు ఊగి, కింద ధన్‌మని చప్పుడైంది. అమ్మ ముందు సీటుకు కొట్టుకుని పొట్ట పట్టుకుంది. ఏమీ కాలేదు గానీ, ఇక ఆ బండి ఎక్కనంది. ఆటో కుదుపులకూ ఒప్పుకోలేదు. ఆసుపత్రికి వెళ్ళడమే మానేస్తానని కూర్చుంది. మా ఇంట్లో కోడలు మామతో ఎదురుగా మాట్లాడే అలవాటు లేదు. ఏ మాటైనా గోడకో పిల్లలకో చెప్పినట్టు చెప్పాల్సిందే. అందుకని ఆ మాట తాతయ్య దాకా మోసింది నేనే.

తాతయ్య సెలవు రోజు దాకా ఆగాడు. శుక్రవారం కరెంటు బందు ఉంటుంది, మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఆ రోజు ఇంటి ముందే కారును జాకీతో లేపి, కింద లావుపాటి చెక్క దిమ్మలు పెట్టి, కమాను బోల్టులు విప్పాడు. సెలవు కాబట్టి కార్ఖానా వాళ్ళూ చుట్టూ చేరారు. బుష్ బయటికి తీయబోతే ఆయన వేలు అందులోకి దిగిపోయింది. రబ్బరంతా నానిన చింతపండులా వేళ్ళకు అంటుకుంది. అంతా నకిలీ సరుకంటూ తిట్టి, ఆ ముక్కనూ, కొలతకని లోపలి ఇనుప గొట్టాన్నీ ఇచ్చి మా మేనత్తను అంజూర్ ఫాటాలోని విడిభాగాల దుకాణానికి పంపాడు. అత్త ఆయన కూతురే. కారు నడపడం ఆమెకు నేర్పింది కూడా ఆయనే.

అత్త తేనె రంగు బుష్‌లతో తిరిగి వచ్చింది. తాతయ్య ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో నొక్కి చూసి సంబరపడ్డాడు. అవి పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే పిక్కర్లు అప్పటికే ఆ సరుకుతో వస్తున్నాయి, అవి ఎన్ని దెబ్బలు తింటాయో ఆయనకు తెలుసు. వెంటనే నూనె డబ్బా అందుకున్నాడు.

"బాపూ, నూనె వెయ్యకు," అంది అత్త. "పాతయి కరిగింది నూనెతోనేనంట. రబ్బరుకు నూనె పడదంట."

అంతమంది ముందు అంది. ఆయన ఇప్పుడు అరుస్తాడని చెవులు మూసుకోబోయాను. తాతయ్య తన నల్లటి వేళ్ళ వంక చూసుకున్నాడు. మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

"మళ్ళ చెప్పు బిడ్డా. నిమ్మలంగ చెప్పు."

దుకాణం అతను చెప్పిందంతా అత్త చెప్పింది. నూనె పీల్చిన రబ్బరు నాలుగు రోజులు చప్పుడు మానేస్తుందట గానీ లోపల ఉబ్బి కుళ్ళిపోతుందట. కొత్తవాటికీ మగ్గం నూనె పనికిరాదట, వాటికని విడిగా ఒక తెల్లటి జిగురు గ్రీజు ఉందట. తాతయ్య ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు అడిగాడు. ఆ తర్వాత ఆమె చెబుతుంటే ఆయన చేశాడు. కన్నాల్లో పాత రబ్బరు ఆనవాలు లేకుండా గీకి, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. రెండు ముక్కలుగా వచ్చిన బుష్‌కు లోపలా బయటా గ్రీజు రాసి, రెండు సగాలనూ రెండు వైపుల నుంచి నొక్కి, మధ్యలో గొట్టం దూర్చాడు. బోల్టులు వదులుగా పెట్టి, కారును దించి, బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాడు. జీవితమంతా ఇతరులకు పని చెప్పిన మనిషి కూతురి నోటి వంక చూస్తూ పని చేస్తుంటే నేను రెప్ప వేయలేదు.

పని అయ్యాక అత్తను బండి తీయమని, తాను వెనక సీట్లో అమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. అంజూర్ ఫాటా గుంతలన్నీ దాటి వచ్చారు. దిగి కాళ్ళూ చేతులూ కడుక్కుని నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అమ్మ కొంగు కప్పుకుని తలుపు చాటుకు జరిగింది. మాట మోయడానికి నేను సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"బిడ్డా, బండి ఊగింది నా నూనెతోని. నువ్వు భయపడ్డది నిజమే. గిప్పుడు నీ జాగల కూసోని చూసొచ్చిన. నువ్వు ఎక్కుతనంటెనే తీస్త."

తలుపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎక్కుత మామా."

ఆమె ఆయనతో నేరుగా అనగా నేను విన్న మొదటి మాట అది. మా చెల్లెలు ఆ ఆసుపత్రిలోనే పుట్టింది. ఆ తర్వాత ఏటా వానలకు ముందు తాతయ్య ఆ బుష్‌లు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు రాసేవాడు. ఎవరైనా వింతగా చూస్తే, మా బిడ్డ నేర్పిందని చెప్పుకునేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. నేను చేసే పద్ధతి తప్పని కోడలు అన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది, అబద్ధమెందుకు? కోపం గొంతు దాకా వస్తుంది కూడా. అప్పుడు ఉన్నచోటనే కూర్చుండిపోతాను. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా లేవను.