సైరన్ మోగితే

పసిఫిక్ సముద్రంలోని మా తువాలు దేశంలో, మా ఫునాఫుటి దీవిలో తిన్నగా పరుగెత్తడానికి ఉన్నది ఒక్కటే చోటు, విమానాల రన్‌వే. ఎండ తగ్గితే ఊరంతా అక్కడే. బంతాటలు, కబుర్లు, కునుకులు, పందులూ కుక్కలూ. మా అక్క కూతురు మెలాలి బేకరీలో పని ముగించుకుని, మోచేతులకు పిండి ఆరకముందే అక్కడ పరుగు మొదలుపెట్టేది. విమానం వచ్చే ముందు ఫైరింజన్ సైరన్ వేస్తుంది. మోగిందంటే తప్పుకోవాల్సిందే. పిల్లలకు మాటలకన్నా ముందు మేం నేర్పేది అదే.

ఆ మెలాలి పసిఫిక్ క్రీడల్లో పదిహేను వందల మీటర్ల పరుగుకు ఎంపికైంది. జట్టుకు వండిపెట్టడానికి నన్నూ సమోవాలోని అపియాకు పంపారు.

"పతకం వద్దు పిన్నీ. ఎప్పుడు చూసినా మన తువాలు పేరు అట్టడుగునే ఉంటుంది. ఒక్కరినైనా దాటి గీత తొక్కితే చాలు నాకు" అంది.

"ముందు ఆ జుట్టు బిగించి కట్టుకో, దాటేది తర్వాత" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆ స్టేడియం ఎంత పెద్దదనీ! మా దేశం దేశమంతా తెచ్చి కూర్చోబెట్టినా ఇంకా కుర్చీలు మిగిలిపోయేవి. అంత జనం మధ్య మా పిల్ల బొటనవేలంత కనిపించింది. తుపాకీ పేలింది. చూస్తుండగానే ఒకమ్మాయిని దాటింది, ఇంకొకరిని దాటింది. రోజూ నా కళ్ళ ముందు తిరిగే పిల్లలో ఇంత వేగం ఎక్కడ దాగుందో తెలియలేదు.

అప్పుడు బయట రోడ్డు మీద అంబులెన్స్ సైరన్ మోగింది.

మెలాలి ట్రాక్ వదిలి గడ్డిలోకి దిగిపోయింది. ఆలోచించి కాదు, కాళ్ళే తప్పుకున్నాయి. నవ్వకండి, పైన కూర్చున్న తువాలు వాళ్ళమంతా కూడా, పరుచుకున్న చాపలు చంకన పెట్టుకుని లేచి నిలబడ్డాం.

"ఎక్కడికమ్మా అందరూ?" అన్నాడు పక్కనున్న సమోవా పెద్దాయన. చాపలు మళ్ళీ పరుచుకుని కూర్చున్నాం.

ఎవరూ నెట్టకుండా ట్రాక్ దిగినవాళ్ళు మళ్ళీ పరుగెత్తకూడదట, ఆపేశారు. మెలాలి ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. "చివర వచ్చినా బాగుండేది పిన్నీ. ఇప్పుడు అసలు లెక్కలోనే లేను" అంది.

తిరిగి వచ్చేటప్పుడు విమానం కిటికీలోంచి కిందికి చూస్తే, రన్‌వే మీది జనం పక్కలకు జరుగుతున్నారు.

"ఎంత చక్కగా తప్పుకుంటున్నారో" అంది మెలాలి.

"నీకోసం కాదులే, విమానం కోసం" అన్నాను.

సంగతి మాకన్నా ముందే ఊరికి చేరింది. మమ్మల్ని దించి విమానం వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఆ వెంటనే జనం రన్‌వే మీదికి విరుచుకుపడతారు. ఆ సాయంత్రం ఒక్కరూ కాలు పెట్టలేదు. రెండు వైపులా వరసగా నిలబడ్డారు. దూరంగా ఎవరో అడ్డంగా కొబ్బరి తాడు పరిచారు. సైరన్ వేసే ముసలి లుసామా ఫైరింజన్ దిగి వచ్చాడు.

"ఎంత మిగిలిందే నీ పరుగు?"

"ఒకటిన్నర చుట్టు తాతా."

"అయితే పరుగెత్తు. సైరన్ నా చేతిలో ఉంది. నువ్వు తాడు దాటేదాకా మోగనివ్వను."

మెలాలి చెప్పులు విడిచింది. దేశమంతా తప్పుకుని ఒక్క పిల్లకు దారి ఇవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఎవరూ కేకలు వేయలేదు. ఆమె పాదాల చప్పుడు ఒక్కటే వినిపించింది.

తాడు దాటగానే లుసామా సైరన్ వేశాడు. జన్మలో మొదటిసారి, ఆ మోత వింటూ మేమంతా రన్‌వే మీదికి పరుగెత్తాం.