వేళ్ళమ్మ

సర్కారు సాయం అందించే ఆఫీసులో వేలిముద్రల బల్ల ఆవిడది. అందుకే అందరూ వేళ్ళమ్మ అంటారు. లేనివాళ్ళూ ముసలివాళ్ళూ నెలనెలా వచ్చి మిషను మీద వేలు పెడితేనే సరుకుల సంచి చేతికొస్తుంది. ఏళ్ళతరబడి చాకిరీ చేసి అరిగిన వేళ్ళను ఆ మిషను ఒక పట్టాన గుర్తుపట్టదు. వేళ్ళమ్మ ఒక్కో చేతినీ తడిగుడ్డతో తుడిచి, తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రుద్దుతుంది. తల మాత్రం ఎత్తదు. "నొక్కకు పెద్దమ్మా, ఊరికే ఆనించు," అంటుంది, రోజుకు రెండొందలసార్లు. మధ్యాహ్నం దాటేసరికి గొంతు కూడా అరిగిపోతుంది.

ఆవేళ నెలకు ఆఖరి రోజు. అందరికన్నా చివర వచ్చిన ముసలమ్మ నలుగురిళ్ళల్లో అంట్లు తోమి బతికిన మనిషి. ఏడుసార్లు పెట్టినా ఎర్రదీపమే వెలిగింది.

"నేనింకా బతికే ఉన్నానని నువ్వైనా దానికి చెప్పమ్మా."

"నా మాట వింటే ఇంకేం, పెద్దమ్మా!" అంటూ వేళ్ళమ్మ ఎనిమిదోసారి రుద్దింది. పచ్చదీపం వెలిగింది. సంచి ఇచ్చి పంపేసి, ఇక ఇంటికి పోదామని అదే మిషను మీద హాజరు కోసం తన వేలు పెట్టింది. ఎర్రదీపం. గుడ్డతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదీపమే. అలాగే కుర్చీలో కూలబడిపోయింది.

గుమ్మం దాకా వెళ్ళిన ముసలమ్మ వెనక్కొచ్చి, సంచి కింద పెట్టి, వేళ్ళమ్మ చేతిని తన గరుకు చేతుల్లోకి తీసుకుని రుద్దసాగింది.

"నొక్కకు తల్లీ, ఊరికే ఆనించు," అంది.