పావంగుళం కొసరు

తొండియార్‌పేటలో మా పాత ఇంటి వెనక ఒక గిడ్డంగి ఉండేది. మిరపకాయల మూటలు పెట్టుకోవడానికి మా తాత కట్టించినది. దాని గోడలు ఇటుకలవి కావు, సిమెంటు దిమ్మలవి. అన్నీ పదహారు అంగుళాల చదరం, ప్రతి దిమ్మ మొహం మీదా నాలుగు రేకుల పువ్వు. దిమ్మ అంచుల్లో గాడి ఉంటుంది. రెండు దిమ్మలు ఆనించి పెడితే ఆ రెండు గాళ్ళూ కలిసి గొట్టమవుతాయి. అందులో ఇనుప ఊచ దించి పల్చటి సిమెంటు పోస్తే గోడ బిగుసుకుపోతుంది. అచ్చొకటి ఉంటే చాలు, దిమ్మలు పెరట్లోనే పోసుకోవచ్చు. మా తాతకు నచ్చింది పువ్వు కాదనే నా నమ్మకం. ఇటుకలవాడికి లాభం ఇవ్వక్కర్లేదు, అదీ ఆయనకు నచ్చింది.

మా వంశం అలాంటిది. మా నాన్న డాక్టరు అయిదు రోజులు మందు వాడమంటే మూడు రోజులకు ఒప్పించి వచ్చేవాడు. తూకం అయిపోయాక చేతినిండా కొసరు వేయించుకోకుండా కొట్టు దిగితే ఆయన దృష్టిలో అది కొనడం కాదు, దోపిడీకి గురికావడం. నేను ఆయన కొడుకునే. ఆస్పత్రిలో సూది వేయించుకున్నాక కూడా, "ఇంకొంచెం దూది పెట్టమ్మా" అని అడిగే రకం.

పాత ఇల్లూ గిడ్డంగీ కూలడానికి సిద్ధమయ్యాక అక్కడే కొత్తిల్లు కట్టుకోవాలనుకున్నాం. మా అన్న కూతురు ఆర్కిటెక్టు. ఆ అమ్మాయి అటక మీద తాత అచ్చు తాలూకు తుప్పు పట్టిన పువ్వు పలకలు చూసి, బంగారం దొరికినట్టు కిందికి దూకింది.

"చిన్నాయనా, మీ ఇల్లు దీంతోనే కడతాం!"

"పాతిల్లు పడగొట్టేది మళ్ళీ పాతిల్లు కట్టేదానికా?"

"అట్ట కాదప్పా. పువ్వు అదే, కొలత అదే. లోపల మాత్రం వేరే."

పాత గోడ జబ్బులన్నీ ఆమె ముందే పట్టేసింది. ఎండకు పెనంలా కాలేది, వానకు చెమ్మ పీల్చేది, హార్బరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పెక్కి ఉబ్బి దిమ్మనే పగలగొట్టేది. అందుకని కొత్త గోడ రెండు పొరలుగా, మధ్యలో ఖాళీతో ఉంటుంది. గాడి వెడల్పు పెరుగుతుంది, ఊచ చుట్టూ సిమెంటు మందంగా ఉంటుంది. గాలి కావలసిన చోట పువ్వు రేకులు తొలిచేసి చిల్లులుగా వదిలేస్తే అదే కిటికీ.

ఒక్కటే షరతు పెట్టింది. ఇంట్లో ప్రతి కొలతా దిమ్మల్లోనే ఉండాలి. సందు పొడవునా ఉండే గోడ నలభై అడుగులు, అంటే సరిగ్గా ముప్పై దిమ్మలు. అరుగు, హాలు, వంటిల్లు, స్నానాలగది అన్నీ అందులోనే పంచుకోవాలి.

"ఒక దిమ్మని కోసుకుంటే?" అన్నాను.

"కోస్తే గాడి పోతుంది. గాడి పోతే గోడ పోతుంది."

నేను అరుగు అడిగాను. రెండు దిమ్మల లోతు చాలు. దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని కూరగాయల బండివాళ్ళతో బేరమాడాలని నా ముసలితనపు పథకం.

మా ఆవిడ అడిగింది వంటింటి కిటికీ. పాత ఇంట్లో వంటిల్లు నట్టనడుమ ఉండేది, కిటికీ అన్నది లేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మా సందులో తగవులన్నీ ఆమె రేడియో నాటకంలా చెవులతోనే విన్నది. కుళాయి దగ్గర ఎవరు ఎవరి బిందె తన్నారో, ఎవరు చీర చెంగు దోపుకుని ముందుకొచ్చారో నేను లోపలికొచ్చి చెప్పాలి. చెప్పినా నమ్మేది కాదు. "మీరు అన్నిట్లోనూ రేటు పెంచి చెప్తారు" అనేది.

"నాకు వేరే ఏం వద్దమ్మా," అంది మా అన్న కూతురితో. "చారు కలబెడతా సందు చూడాల. అంతే."

పువ్వు పలకలు పాతవే వాడుకున్నా వాటి చుట్టూ కొత్త చట్రం కావాలి. గీసిన కాగితం పట్టుకుని ఊరి చివర మనలిలో ఇనుప పని చేసే పెద్దాయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఆడపిల్లను పంపితే అడిగినంతా ఇచ్చేసి వస్తుందని నా భయం.

ఆయన ఒకే రేటు చెప్పాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను లేచి గేటుదాకా వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. స్కూటరు సీటు తుడిచాను. తుడిచిన సీటునే మళ్ళీ తుడిచాను. ఎవరూ పిలవలేదు. మర్చిపోయిన గొడుగు కోసం వచ్చినట్టు వెనక్కొచ్చాను. గొడుగు తేలేదని ఆయనకూ తెలుసు.

"పోనీ, కొసరన్నా వెయ్యప్పా," అన్నాను.

"అచ్చుకి కొసరేంది సార్?"

"రవంత పెద్దది చెయ్. నీకేం పోతుంది, రేకు ముక్కే కదా."

ఆయన నా మొహం కేసీ కాగితం కేసీ చూశాడు. "సరి సార్. పావంగుళం ఎక్కువ పెట్టేదా?"

"పెట్టు పెట్టు!"

ఆ రోజు మనలి నుంచి ఇంటిదాకా రిఫైనరీ కంపు కూడా నాకు అగరొత్తి వాసనలా ఉంది. దిమ్మ దిమ్మకీ పావంగుళం గోడ ఉచితం! మా నాన్న బతికుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

దిమ్మలు పోయడం మొదలైంది. మా అన్న కూతురు వాటిని తట్టి చూసింది, నీళ్ళు పోసి చూసింది, ఒకదానికొకటి ఆనించి గాడి కలుస్తోందో లేదో చూసింది. అన్నీ చక్కగా సరిపోయాయి. సరిపోక ఏమవుతాయి, కొసరు అన్నిటికీ ఒకటే కదా. ఇంటికి కావలసినన్ని దిమ్మలూ తయారై ఆరాయి. ఆమె గీసిన కొలత ప్రకారం పునాదీ లేచింది.

గోడ ఎత్తే ముందు ఒక వరస ఉత్తగా పరిచి చూస్తారు. ఆ పొద్దున అందరం పునాది దగ్గరే ఉన్నాం. మేస్త్రీ ఒక్కొక్క దిమ్మే పెట్టుకుంటూ పోయాడు. ముప్పయ్యోది పెట్టేసరికి అది పునాది దాటి దాదాపు జానెడు పక్కింటివాళ్ళ స్థలంలోకి తొంగి చూస్తోంది. పక్కింటాయన బ్రష్షు నోట్లో పెట్టుకునే బయటికొచ్చాడు.

"ఏం సార్, మా ఇంట్లోకే వచ్చేస్తా ఉండారా?"

మా అన్న కూతురు టేపు తీసి పునాది కొలిచింది. తర్వాత ఒక దిమ్మ కొలిచింది. తర్వాత టేపు లేకుండానే నన్ను కొలిచింది.

"చిన్నాయనా. అచ్చు మీద కొసరు అడిగినారా?"

"నేనేం చుమ్మా ఊరికే అడగలేదమ్మా, రేటు తగ్గించలేదని..."

"లోకంలో ఉప్పుకి కొసరు అడుగుతారు, పప్పుకి అడుగుతారు. స్కేలుకి కొసరు అడిగిన మనిషిని ఈడే చూస్తున్నా!"

పోసిన దిమ్మలన్నీ పారేసి మళ్ళీ పోయడం జరగని పని. మార్గం ఒకటే, ప్రతి వరసలో ఒక దిమ్మ తీసేయాలి. కానీ ఏ గదిలోంచి? హాల్లో మెట్లు ఉన్నాయి, అక్కడ ముట్టుకోకూడదు. స్నానాలగది ఇంకా తగ్గితే మనిషి పక్కకు తిరిగి నీళ్ళు పోసుకోవాలి. ఇక మిగిలినవి నా అరుగు, మా ఆవిడ వంటిల్లు.

మా ఆవిడ పరిచిన దిమ్మల వరస మీదే కూర్చుని బీన్సు ఈనెలు తీస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

"వంటిల్లు ఒక దిమ్మ తగ్గితే ఏం పోయిందే? ఫ్రిజ్జు కొంచెం జరుపుకుంటాం."

"జరిపేది చిల్లుల గోడకే చిన్నాయనా," అంది మా అన్న కూతురు. "పిన్నమ్మ ఫ్రిజ్జు వీపు చూసుకుంటా చారు కలబెట్టాల."

మా ఆవిడ ఇంకో బీన్సు అందుకుంది. ఆవిడ బేరం ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పాలి. టి. నగర్‌లో చీరల కొట్టుకు వెళ్తే నేను గంటసేపు గొంతు చించుకుంటాను. ఆవిడ ఒక్క మాట మాట్లాడదు. చీర మడిచి, ఆ అబ్బాయి చేతిలో పెట్టి, లేచి నిలబడుతుంది. 'ఒకే ధర' అని బోర్డు రాసుకున్న కొట్లో కూడా మేనేజరు మెట్ల దాకా పరిగెత్తుకొస్తాడు.

"సరే, చెరిసగం," అన్నాను. "వంటింట్లో అర, అరుగులో అర."

"అర దిమ్మ లేదు చిన్నాయనా."

"పోనీ ముప్పాతికా పాతికా."

"ఉండేది ఒకటే అచ్చు. అదీ మీరు పెంచిందే."

మా బేరాల వంశంలో చెరిసగం కాని తగాదా నేను పుట్టాక చూడలేదు. దేవుడు కూడా సగానికి దిగుతాడు. ఈ సిమెంటు ముక్క దిగదు.

"నీ వంటింటికి గ్రానైటు వేయిస్తా," అన్నాను మా ఆవిడతో. బీన్సు విరిగిన చప్పుడు. "రెండు సింకులు." ఇంకో బీన్సు. "సింకు మీద లైటు." బీన్సు. ఆమె ఒక్క మెట్టూ దిగలేదు, ఎక్కుతున్నది నేనే. "పోనీ తగవు జరిగినప్పుడల్లా నేనే చూసొచ్చి చెప్తా. పెంచకుండా చెప్తా!"

ఆమె గిన్నె పక్కన పెట్టింది. ఒళ్ళో ఈనెలు దులుపుకుంది. లేచి నిలబడింది.

"కూర్చోవే," అంది నా నోరు, నన్నడక్కుండానే. "అరుగులోంచే తీసేద్దాం."

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాం. అరుగు ఒక దిమ్మ లోతు. దాని మీద మనిషి కూర్చోలేడు, ఆనుకోగలడు. సందులో పిల్లి కూడా తోక బయట వేలాడేసుకుని పడుకుంటుంది. అందుకని నా బేరాలన్నీ సందులో నిలబడే, సరిగ్గా వంటింటి గోడ కిందే.

మొన్నొక పొద్దున టెంకాయల బండాయన దొరికాడు. నేను మంచి ఊపులో ఉన్నాను. కాయ చెవి దగ్గర పెట్టి ఊపాను, పెదవి విరిచాను, మూడిళ్ళు నడిచి వెళ్ళి తిరిగొచ్చాను. గోడలో పువ్వుల వెనక నుంచి కిలకిలమని నవ్వు వినపడింది.

"ఏందే?"

"బేరమాడేటప్పుడు మీ నోరు ఒక పక్కకి పోతుందండీ! ఇన్నేళ్ళూ గొంతు విని పులి అనుకుంటి."

బండాయన కూడా నా నోటి కేసి చూసి నవ్వు ఆపుకున్నాడు. పాపం, అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. "సరి సార్, మీరు అడిగిన రేటుకే తీసుకోండి," అన్నాడు.

పువ్వు చిల్లులోంచి గరిటె కాడ బయటికొచ్చి ఆయన కేసి ఊగింది.

"ఉండప్పా, అప్పుడే ఒప్పుకోవద్దు. నా పప్పు ఇంకా ఉడకల్లేదు."