ఒక వత్తు తేడా

నర్సు కావాలంటే ప్లస్ టూలో సైన్సు గ్రూపు పాసవ్వాలి. పదిహేడేళ్ళు నిండాలి. పెళ్ళి కాకూడదు. ఎనభైల మొదట్లో, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం, తమిళనాడులోని మా ధర్మపురి ఆసుపత్రిలో ఒక సిస్టరును అడిగి ఈ మూడూ తెలుసుకున్నాను. సోగత్తూరులో మా ఇంటికి వచ్చి అందరి ముందూ చెప్పాను. మొదటి రెండూ ఎవరి చెవికీ ఎక్కలేదు. మూడోది వినగానే నాయన చేతిలో సంగటి ముద్ద కంచంలో పెట్టేశాడు.

"పెండ్లి కాకూడదా? ఎవురు పెట్టినారు ఈ సట్టం?"

"గవర్మెంటు పెట్టింది. పోయి దాన్నే అడుగు."

"మీ మామ నీకోసరం కాచుకోని ఉండాడే!"

మా ఇళ్ళల్లో అక్క కూతురు తమ్ముడికని పుట్టినప్పుడే అనేసుకుంటారు. "ఇంకా కాచుకోమను. ఓపిక లేకుంటే ఇంకెవురినైనా చేసుకోమను" అన్నాను. నోటికి హద్దు లేదని అవ్వ తిట్టింది. నిజమే, లేదు.

నా మొండితనానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. మా అన్న పెళ్ళాం కుప్పం పక్క పల్లె నుంచి వచ్చింది. మాకు తరతరాలుగా ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అప్పటికి వదినకు ఇంకా అరవం పట్టుబడలేదు. నేను తొమ్మిదిలో ఉండగా, ఆమెకు నాలుగో నెలలో నొప్పి మొదలైతే అవ్వ ఒక దవాఖానకు తీసుకుపోయింది. లోపలికి వదినను ఒక్కదాన్నే పంపారు. ఆమె పొట్ట పట్టుకుని "కడుపు, కడుపు" అంది. కడుపుతో ఉన్నాను, అక్కడ నొప్పి అని ఆమె చెప్పుకోవడం. మందులిచ్చే ఆయనకు అది 'కడుప్పు' అని వినిపించింది. అరవంలో ఆ మాటకు విరేచనాలప్పుడు పొత్తికడుపులో పుట్టే మెలి అని అర్థం. ఎన్నాళ్ళుగా అని ఆయన అడిగాడు. వదిన నాలుగు వేళ్ళు చూపించి "మాసాలు" అంది. పాపం, అరవంలోనూ ఉన్న ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరికీ చక్కగా అర్థమైంది. నాలుగు నెలల విరేచనాలకు సరిపడా పొడులు కట్టి ఇంటికి పంపేశాడు.

ఆ వారంలోనే బిడ్డ పోయింది. ఆ పొడులు చేశాయో, పొట్ట మీద చెయ్యి వేసి చూడకుండా పంపడం చేసిందో, నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో తలరాత అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలరాత కాదు, ఒక ప వత్తు. రెండు మాటలూ తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కరుండి ఉంటే చాలు. ఆ ఒక్కరు నేనే అవుతానని అప్పుడే అనుకున్నాను.

ప్లస్ టూలో చేరబోతే హెడ్మిస్ట్రెస్ నన్ను టైపింగు గ్రూపులో వేసింది. "సైన్సు కష్టం. మీ ఇంట్లో చదివినవాళ్ళు ఎవరున్నారు?" అంది. "నేనుంటాను టీచర్" అన్నాను. గ్రూపు మార్చేదాకా ఆమె గది గుమ్మం వదల్లేదు. విసుగెత్తి మార్చింది. ఫిజిక్సు నన్ను ఏడిపించింది, నేనూ దాన్ని వదిలిపెట్టలేదు.

నర్సింగు ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరమ్మ మా ఇంటి భాష ఏమిటని అడిగింది. తెలుగన్నాను. ఇక్కడ దానితో పనేముంది, తమిళం చాలు కదా అంది.

"మేడమ్, ఒక ఆడమనిషి వచ్చి కడుపు అంటే మీరు ఏం మందు రాస్తారు?"

"విరేచనాలకు" అంది, తడుముకోకుండా.

"మా ఇంట్లో కడుపంటే బిడ్డ."

ఇంత నోరున్న పిల్లతో వార్డులో వేగడం కష్టమని ఆమె పక్కాయనతో నాకు వినబడేటట్టే అంది. సీటు పోయిందనుకున్నాను. పోతే పోనీ, అనాల్సింది అనేశానని తల ఎత్తుకునే బయటికి వచ్చాను. సీటు వచ్చింది. మామ వేరే పిల్లను చేసుకున్నాడు, సుఖంగానే ఉన్నాడు.

మూడేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ప్రసూతి శిక్షణ పూర్తయితేనే నర్సింగు కౌన్సిల్లో పేరు ఎక్కుతుంది, అప్పుడే నర్సు. ఆ అర్హతల్లో తెలుగు ఎక్కడా లేదు. నేను ఆ చివరి శిక్షణలో ఉండగా వదిన మళ్ళీ నెలలు నిండి మా ప్రసూతి వార్డుకు వచ్చింది. ఇన్నేళ్ళయినా గడప దాటని ఆమెకు అరవం నోరు తిరగదు. ఈసారి తప్పు జరగకూడదని దారి పొడుగునా అరవం మాటలు వల్లించుకుంటూ వచ్చిందని అవ్వ తర్వాత చెప్పింది. మూతికి గుడ్డ కట్టుకున్న నన్ను గుర్తుపట్టలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, భయం భయంగా, పొట్టకు అరవం మాట ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, "వయిరు... సిస్టర్, వయిరు..." అంది.

నేను గుడ్డ కిందికి లాగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"తెలుగులోనే చెప్పు వదినా."