దోన్ ఇలారియోన్‌కు తెలియని సందు

కోచబాంబాలో కాంచా సంతకు పోయే మూడు దారులు కలిసేచోట అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే ఇలారియోన్ తెర్రాసాస్ ముప్పై ఒక్క ఏళ్లుగా తాళంచెవులు చేస్తున్నాడు. ఒక గొడుగు, తాళంచెవులు కోసే చిన్న మెషిన్, ఒక ముక్కాలి పీట, అంతే ఆయన దుకాణం. పనికి వంక పెట్టడానికి లేదు. ఆయన చేసిన చెవి తాళంలో తిరగలేదని వెనక్కి వచ్చినవాళ్లు లేరు. ఆయన చెప్పిన దారిన పోయి వెనక్కి వచ్చినవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు.

ఆయనొక్కడినే అనడం అన్యాయం. మా ఊళ్లో ఎవరినైనా దారి అడగండి, తెలియదని ఒక్కరూ అనరు. అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని మా అందరికీ ఒక పిచ్చి నమ్మకం. మిగతావాళ్లు కనీసం కాస్త నసుగుతారు. ఇలారియోన్ నసగడు. చెయ్యి చాపి, వీధులు లెక్కపెట్టి, మూల మీద ఒక మందుల షాపు కూడా కట్టేస్తాడు. ఒరూరో గనుల దగ్గర్నుంచి చిన్నప్పుడు ఈ ఊరొచ్చినప్పుడు, తను ఇక్కడివాడు కాదని జనం పసిగడతారన్న భయంతో మొదలైన అలవాటు అది. భయం ఎప్పుడో పోయింది. అలవాటు మిగిలింది.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదింటికి, వీపున మూటలంత సంచులతో ఒక జంట వచ్చి గొడుగు కింద నిలబడింది. చంకలో ఆకుల టీ కోసం మోసే వేణ్ణీళ్ల ఫ్లాస్కు చూడగానే అర్జెంటీనావాళ్లని ఎవరికైనా తెలిసిపోతుంది. అమ్మాయి రొమీనా, అబ్బాయి ఫకుందో.

"మోయె చెట్ల సందు ఎటండీ?" అంది రొమీనా. "మా అమ్మమ్మ పుట్టిన ఇల్లు అందులోనే ఉందట. ఆవిడ బ్యూనస్ ఎయిరెస్ వచ్చేసి యాభై రెండేళ్లయింది. రేపు కంటి ఆపరేషన్. ఉన్న కాస్త చూపూ నిలుస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఇవాళ నాలుగింటికి ఫోన్లో ఆ ఇల్లు చూపిస్తానని మాటిచ్చా."

ఇలారియోన్ ఆ సందు పేరు పుట్టి బుద్ధెరిగి వినలేదు. "తిన్నగా వెళ్లండమ్మా. నాలుగు వీధులు దాటి ఎడమకి తిరగండి. మూల మీద మందుల షాపుంటుంది" అన్నాడు.

వాళ్లు దణ్ణాలు పెట్టినంత పనిచేసి వెళ్లారు. పక్కన ఎండు పీచ్ పళ్ల షర్బతు అమ్మే నియెవెస్ గరిటె ఆపింది.

"ఆ సందు నీకు నిజంగా తెలుసా?"

"అటే ఉండాలి."

"ఉండాలా! నువ్వు చెప్పావని పాపం అది లేచొచ్చి అక్కడ కూర్చుంటుందేమో. తెలీదంటే నీ నోరేమన్నా పడిపోతుందా?"

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ జంట మళ్లీ వచ్చింది. ఎండకు మొహాలు కందిపోయాయి. "మేమే ఎక్కడో తప్పు మలుపు తిరిగినట్టున్నాం, సారీ అండీ" అంది రొమీనా. "ఇంకోసారి చెప్తారా?"

తిట్టి ఉంటే ఇలారియోన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. వాళ్లే సారీ చెప్పేసరికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. గొడుగు మూసి మెషిన్ నియెవెస్‌కు అప్పగించాడు. "పదండి, నేనూ వస్తా" అన్నాడు. అప్పుడు కూడా తెలియదనలేదు చూడండి.

ముగ్గురూ తిరిగారు. అన్నం, మాంసం, గుడ్డు కుక్కిన రొట్టెలు నడుస్తూనే తిన్నారు. ఇలారియోన్ ఫకుందో సంచి లాక్కుని కాసేపు మోశాడు. దారి అడిగితే పళ్ల కొట్టావిడ పైకి పొమ్మంది. మంగలి కిందికి పొమ్మని, మూల మీద మందుల షాపు కూడా చూపించాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా తను జనానికి ఏం చేస్తున్నాడో ఆయన కాళ్లకు తెలిసింది.

నాలుగయ్యేసరికి ఒక ఇరుకు వీధిలో, ఆకుపచ్చ రంగు ఊడిపోతున్న పాత చెక్క తలుపు ముందున్నారు. ఫోన్ మోగింది.

"ఇదేనని చెప్పేద్దాం రోమీ" అన్నాడు ఫకుందో గొంతు తగ్గించి. "తలుపు పాతదేగా. ముసలావిడ సంతోషిస్తుంది."

రొమీనా ఫోన్ తీసింది. తెర నిండా అమ్మమ్మ ముక్కు, ఒక కన్ను. "సరిగ్గా ఆనడంలేదే నాకు. పక్కనెవరో పెద్దాయన ఉన్నాడు, ఆ ఊరాయనేనా? అడగవే, ఇదేనా మా ఇల్లు?"

ఫోన్ ఇలారియోన్ చేతికొచ్చింది. అవునమ్మా అనడం ఆయనకు ఊపిరి తీసినంత సులువు. కాని రేపటి తర్వాత ఆ కంటికి ఇంకో తలుపు కనిపిస్తుందో లేదో. ఏదో ఒక తలుపు అందులో పెట్టి పంపడానికి ఆయనకు చేతులు రాలేదు.

"తెలీదమ్మా" అన్నాడు. "పొద్దున కూడా తెలీదు. చెప్పకుండా మీ పిల్లల్ని ఊరికే తిప్పాను."

అమ్మమ్మ ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగింది.

"తెలీదా? అయితే నేను చెప్తా, నడు. తునారి కొండ ఎటుంది? ఆఁ, దానికెదురుగా పో. రెండు వీధులు దాటి కుడికి. అక్కడ రొట్టెల బట్టీ ఉంటుంది."

బట్టీ లేదు. "తీసేసుంటార్లే, ముందుకు పో" అంది ఆవిడ. ఎక్కడా తడబడలేదు. మూడో మలుపు దగ్గర ఇలారియోన్‌కు అర్థమైంది. ఆ గొంతులోని ధీమా ఆయనకు బాగా తెలుసు. అది తనదే.

"ఆగాగు. ఇదే!"

అది ఫోన్లు బాగుచేసే షాపు. ఇనప షట్టర్ వేసి ఉంది. "మా తలుపు పీకేశారు దొంగసచ్చినోళ్లు. పైన కిటికీ మాత్రం అదే. మా అమ్మ అక్కణ్ణుంచే కేకేసేది నన్ను." పైన ఉన్నది కొత్త అల్యూమినియం కిటికీ.

రొమీనా కళ్లు తుడుచుకుని ఆయన చెవి దగ్గరకు వచ్చింది. "నిజంగా ఇదేనంటారా, దోన్ ఇలారియోన్?"

"నాకు తెలీదమ్మా. ఆవిడకి తెలుసు."

"కొంచెం పైకెత్తు నాయనా, కిటికీ సరిగ్గా ఆనడంలేదు" అంది అమ్మమ్మ.

ఇలారియోన్ మునివేళ్ల మీద లేచి, ఫోన్‌ను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడ చాలనేదాకా దించలేదు.