అత్తయ్యకు చెప్పని సంతకం

అత్తయ్యకు కాలేయం మీద పెరిగిన నీటితిత్తిని తీయడానికి విజయవాడలో ఆపరేషన్ పెట్టారు. మా ఆయన జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి రావాలి. ఈలోగా నర్సు నా చేతికి కాగితాలిచ్చింది. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అవసరమైతే వాడే జిగురు మందు మనుషుల రక్తంతో తయారైందని, దానివల్ల వైరస్ సోకే అవకాశం అసలే లేదని చెప్పలేమని ఉంది.

"ఏంటండీ ఇది?" అని డాక్టరు గారిని అడిగాను.

"చాలామంది ఇచ్చిన రక్తంలోంచి తీస్తారమ్మా. పరీక్షలు చేస్తారు, వైరస్‌లు చచ్చేలా శుద్ధి చేస్తారు. ప్రమాదం చాలా తక్కువ. అసలు లేదని మాత్రం నేను చెప్పలేను. కాలేయం కోసినచోట రక్తం ఆగకపోతే అది కావాలి."

సంతకం పెట్టాను. పక్కగదిలో అత్తయ్య మెలకువగానే ఉంది. భయపడుతుందని చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మా ఊరు చిల్లకల్లు తిరిగొచ్చిన రెండు వారాలకు ఆమె మా పాపను దగ్గరికి రానివ్వడం మానేసింది. అన్నం పెట్టమని పిల్ల నోరు తెరిస్తే, "మీ అమ్మ దగ్గరికెళ్ళు" అనేది. తన కంచం తనే కడిగి విడిగా పెట్టుకునేది. కుట్ల నొప్పివల్ల చిరాకేమో అనుకున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"మందుల షాపతను నా కాగితాలు చూసి చెప్పాడమ్మా. ఎవరిదో రక్తంతో చేసిన మందు వాడారంట. వాళ్ళకేం జబ్బుందో ఏమో! పిల్లకంటితే?"

తల ఎత్తలేకపోయాను. "నాకు ముందే తెలుసత్తయ్యా. సంతకం పెట్టింది నేనే."

"అడిగితే వద్దంటాననుకున్నావా? నా ఒంట్లోకి ఏం పోతందో నాకు చెప్పొద్దా?" అంది. తన కంచం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు అత్తయ్యను నందిగామలో ఒక డాక్టరు గారికి చూపించాను. అలా రక్తం ద్వారా వచ్చే వైరస్‌లు కంచాలవల్ల, ముద్దలు పెట్టడంవల్ల అంటవని ఆయన ఆమెకే నెమ్మదిగా చెప్పారు. రక్తపరీక్షలో ఏమీ లేదు. కొన్ని నెలలాగి మరోసారి చేయించమన్నారు. ఇంటికొచ్చి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది గానీ, రెండో పరీక్షలో ఏం తేలుతుందోనని నాలో బెరుకు పోలేదు.

రెండో రిపోర్టులోనూ ఏమీ లేదు. ఆమెకు చదివి వినిపించాను.

"ఆ రక్తమిచ్చినోళ్ళు ఎవరో గానీ, చల్లగా ఉండాలి" అంది అత్తయ్య.

నామీద కోపం మాత్రం ఇంకొన్నాళ్ళుంది.