తాళం తీసినా ఆగని బండి

అక్క పోయిందన్న కబురు మొన్న పొద్దున హనుమకొండ నుంచి వచ్చింది. ఫోన్ చేసింది ఆమె ఇంటి కిందివాటాలో అద్దెకుండే టీచరమ్మ. "చాయ్ తీస్కపోయి పిలిచిన. పలకలే," అని ఏడ్చింది. నేను వెళ్లేసరికి ఇంటి ముందు బెంచీలు వేశారు. ఆడవాళ్లం స్నానం చేయిస్తుంటే, బంధువుల పిల్ల ఒకతె అక్క కుడి పిక్క మీదున్న నల్లటి మచ్చ చూసి అదేమిటని అడిగింది.

"సైలెన్సర్ కాలింది," అన్నాను.

"అమ్మమ్మ బండి మీద కూసునేదా?"

"కూసునుడు కాదు, నడిపేది. బుల్లెట్టు."

ఆ పిల్ల నమ్మలేదు. ఆ పిల్లలాగే మీరూ నమ్మకపోవచ్చు. అయినా అక్క గురించి చెప్పాలంటే ఆ బండి దగ్గరే మొదలుపెట్టాలి.

అది మా బావ కొనుక్కున్న బండి. డెబ్బైల చివర వరంగల్ చౌరస్తా దగ్గర ఆయనకు విత్తనాల దుకాణం ఉండేది. రైతులు అంగడికి వచ్చేదాకా కూర్చోకుండా తానే ఊళ్లు తిరిగి మిరప, పత్తి విత్తనాలు ఇచ్చి వచ్చేవాడు. పెట్రోలు ధర పెరుగుతూ పోయింది. అంత పెద్ద బండిని అంత తక్కువ పెట్రోలుతో ఎలా తిప్పాలన్నదే ఆయనకు ధ్యాస అయిపోయింది. "వాసన సూపిస్తే సాలు, ఉరకాలె," అనేవాడు.

ఆదివారాలు వాకిట్లో స్క్రూడ్రైవర్ పట్టుకొని కార్బురేటర్ ముందు కూర్చునేవాడు. గాలి పాలు కొంచెం పెంచడం, పెట్రోలు పాలు కొంచెం తగ్గించడం, ఒక చుట్టు తిరిగి రావడం, ప్లగ్గు ఊడదీసి దాని రంగు చూడడం. నల్లగా ఉంటే పెట్రోలు దండగవుతున్నట్టు, ఇటుకరంగు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. కానీ ఆయనకు ఇటుకరంగు సరిపోలేదు. ఇంకా తెల్లగా కావాలి. ఒక్కోసారి దవాఖానలో పారేసిన గ్లూకోజు సీసా తెచ్చి, అందులో పెట్రోలు పోసి హ్యాండిల్‌కు వేలాడదీసి, ట్యూబు నేరుగా కార్బురేటర్‌కు పెట్టేవాడు. సీసా అయిపోయేలోపు ఎంత దూరం పోతామో చూడాలి. వెనక అక్క కూర్చొని, ఆయన భుజం మీదుగా సీసాలో మట్టం దిగడం చూస్తూ ఉండేది. వాళ్లిద్దరి షికారు అదే. తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు అయిపోయి బండి తోసుకుంటూ నవ్వుకుంటూ రావడం నేను కళ్లారా చూశాను.

అలా పెట్రోలు పలచబడుతూ పోయాక ఒక సాయంత్రం బావ వాకిట్లో బండి ఆపి తాళం తీశాడు. బండి ఆగలేదు. తాళం ఆయన చేతిలో ఉంది. ఇంజన్ మాత్రం డుగ్గు డుగ్గుమని తనకు తానే కొట్టుకుంది. కాసేపటికి ఊపిరి వదిలినట్టు ఒక్క శబ్దం చేసి ఆగింది.

బావ వాళ్లమ్మ గడపలో నిలబడి చూస్తోంది. "తాళం నీ చేతిలనే ఉన్నది గద బిడ్డా. మరి ఎవలు నడుపుతాండ్రు?" అంది.

బావ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆ రోజు నుంచి రోజూ అంతే. మేమంతా అలవాటుపడ్డాం. ఆ పెద్దామె మాత్రం బండి చప్పుడు వినగానే లోపలికి వెళ్లిపోయేది.

ఒక వానకాలం బావకు కామెర్లు వచ్చాయి. పసరు మందని కొన్నాళ్లు, పెద్దదవాఖాన అని కొన్నాళ్లు తిరిగారు. మనిషి మిగల్లేదు. పిల్లల్లేరు. ఇంట్లో అత్త, కోడలు, వాకిట్లో తాటిపత్రి పట్టా కప్పిన బండి. దుకాణంలో విత్తనాల సంచులు అలాగే ఉన్నాయి. తొలకరికి ముందు ఊళ్లకు పోకపోతే అవి ఎవరికీ పనికిరావు. ఊళ్లకేమో బస్సులు సరిగా లేవు.

అక్క తాటిపత్రి తీసేసింది. బావ బండి చూసే ముసలి మెకానిక్‌ను మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన్నే పిలిచి, నడపడం నేర్పమంది. ఆయన నెత్తి గోక్కున్నాడు. అయినా నేర్పాడు. బజార్లో వాళ్లు దుకాణాల్లోంచి బయటికి వచ్చి చూసేవాళ్లు. అక్క ఎవరి వైపూ చూసేది కాదు.

మొదటిసారి ఒంటరిగా ఊళ్లకు వెళ్లి వచ్చిన సాయంత్రం, తోడుకని వచ్చిన నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అక్క వాకిట్లో బండి ఆపి తాళం తీసింది. ఇంజన్ ఆగలేదు. బావ ఉన్నప్పటికంటే ఎక్కువసేపు కొట్టుకుంది. సీటు ఖాళీగా ఉంది. అక్క పక్కన నిలబడి ఉంది. అత్త గడపలోకి వచ్చింది. ఈసారి లోపలికి వెళ్లలేదు.

"దిగుమను వాణ్ని," అంది.

ఇంజన్ ఆగింది. అత్త లోపలికి వెళ్లి, ముగ్గురమే ఉన్న ఆ ఇంట్లో నాలుగు కంచాలు పెట్టింది.

ఆ తర్వాత ఆ చప్పుడు వినబడితే పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు. అత్త మాత్రం పొద్దుగూకే వేళకు గడపలో తయారుగా ఉండేది. "దిగు బిడ్డా, కాళ్లు కడుక్కో," అనేది. ఎప్పుడూ అదే మాట. చప్పుడు ఆగాక లోపలికి వెళ్లేది.

చాచా ఒకరోజు ప్లగ్గు విప్పి చూసి భయపడ్డాడు. అది సున్నంలా తెల్లగా ఉంది.

"ఇది దయ్యం కాదు బేటీ. పెట్రోలు తక్కువైంది, గాలెక్కువైంది. లోపల నిప్పులెక్క కాలుతాంది. తాళం తీస్తే కరెంటు బందైతది గని, ఎర్రగ కాలిన మసే మంట అంటిస్తాంది. జర నన్ను సరిచెయ్యనియ్యి."

"ఆయన పెట్టిన సెట్టింగ్ చాచా. ముట్టకు."

"ఎండల దూరం పోతే పిస్టన్ పట్టేస్తది. ఎనక చక్రం అట్లనే బిగుసుకుంటది. పడితే లేస్తవో లెవ్వవో."

"మెల్లగ పోత," అంది అక్క.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను: "అక్కా, బావ అండ్ల ఉన్నడని నువ్వు కూడ అనుకుంటానవా?"

అక్క ముద్ద కలుపుతూ, "నేనట్ల అనలే. ఆ స్క్రూ మీద ఆఖరి చెయ్యి ఆయనది. గంతే," అంది.

అది ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. కేసముద్రం అవతల ఒక ఊరికి విత్తనాలు ఇయ్యడానికి అక్క వెళ్తుంటే నేనూ వెనక కూర్చున్నాను. ఒళ్లో గింజల సంచి, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం. ఎదురుగాలి. రోడ్డు మీద నరమానవుడు లేడు. రెండు పక్కలా కోసేసిన చేలు, అక్కడక్కడ ఆరబోసిన మిరపకాయలు. అక్క కొంచెం వేగంగానే పోతోంది.

ఉన్నట్టుండి చప్పుడు పోయింది. బండి మాత్రం పోతూనే ఉంది. గాలి, టైర్ల కింద కంకర, అంతే. ఆ నిశ్శబ్దంలో చాలా దూరం దొర్లి, మెల్లగా పక్కకు వచ్చి నిలబడింది. అక్క దిగలేదు. ఆమె ఎడమ చెయ్యి క్లచ్చును బిగించి పట్టుకొని అలాగే ఉంది. ఇంజన్ కాలిన పెనంలా టిక్కు టిక్కుమంటోంది.

"నా చెయ్యెందుకు పట్టినవే?" అంది వెనక్కి తిరక్కుండానే.

"నేను పట్టలే అక్కా. నా చేతులు సంచి మీదున్నయి."

"ఎడమ చెయ్యి. పట్టి గట్టిగ ఒత్తినవ్."

"లేదక్కా."

అక్క నా వైపు తిరిగి నా చేతులు చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. నేనూ చూశాను. దాని మీద ఏమీ లేదు. కనుచూపు మేరలో మా ఇద్దరం తప్ప మనిషి లేడు.

ట్రాక్టర్ మీద వేసి బండిని వరంగల్ తెచ్చాం. చాచా ఇంజన్ విప్పాడు. పిస్టన్ గీరుకుపోయి, సిలిండర్‌కు అతుక్కుపోయి ఉంది. దాన్ని చూసి, అక్కను చూశాడు.

"క్లచ్ ఎప్పుడు పట్టినవ్ బేటీ?"

"ముందుగాల్నే."

"ముందుగాల్నే అంటే? పట్టేస్తదని నీకెట్ల ఎరుక?"

అక్క ఎడమ చెయ్యిని కొంగులో చుట్టుకుంది. క్లచ్ పట్టకపోయి ఉంటే వెనక చక్రం బిగుసుకొని ఇద్దరం కంకర మీద ఈడ్చుకుపోయేవాళ్లమని చాచా చెప్పాడు. అన్నేళ్లు ఆ ఇంజన్ చప్పుడు విన్న మనిషి కనక ఆమె చెవి ముందే పసిగట్టి ఉంటుందని నేను నాకు చెప్పుకుంటాను. పగటిపూట అది సరిపోతుంది.

కొత్త పిస్టన్ వేశాక చాచా కార్బురేటర్ మీద చెయ్యి పెట్టబోయాడు. అక్క ఆపింది. "స్క్రూడ్రైవర్ ఇటియ్యి. నేను తిప్పుత. ఎంత తిప్పాల్నో నువ్వు చెప్పు."

తిప్పింది. చాచా చాలన్నాక కూడా స్క్రూడ్రైవర్‌ను ఆ గాట్లోంచి తీయలేదు. వంగిన తల ఎత్తలేదు. మేమిద్దరం ముఖాలు పక్కకు తిప్పుకున్నాం.

ఆ తర్వాత అక్క ఆ బండి మీద ఏళ్ల తరబడి తిరిగింది. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప రైతులు ఆమెను "బుల్లెట్ పటేలమ్మా" అని పిలిచేవాళ్లు. మొలకెత్తని విత్తనాన్ని వెనక్కి తీసుకోవడానికి కూడా అదే బండి మీద పోయేది. ముసలితనంలో మోకాళ్లు నొప్పి పెట్టినా ఎవరి మీదా ఆనకుండా నడిచింది. ఇవన్నీ ఆమె పాడె దగ్గర నిలబడ్డవాళ్లు చెప్పుకున్నారు. వాళ్లెవరూ చూడనిది, బండి బాగై ఇంటికి వచ్చిన సాయంత్రం.

అత్త ఎప్పటిలాగే గడపలో ఉంది. అక్క వాకిట్లో ఆపి తాళం తీసింది. బండి ఠక్కున ఆగింది. అత్త "దిగు బిడ్డా" అనడానికి నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. చాలాసేపు చెవి ఒగ్గి విన్నది.

"పోయిండా?" అంది.

అక్క తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"నేనే దిగు దిగుమన్న. దిగిండు," అని ఆ పెద్దామె గడప మీద కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

అక్క దగ్గరికి వెళ్లి కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "దా అత్తమ్మా. బండెక్కు," అంది. జన్మలో ఆ బండిని ముట్టని మనిషి. చెయ్యి పట్టి లేపితే చిన్నపిల్లలా లేచింది. నేను పట్టుకొని వెనక ఎక్కించాను. అక్క కిక్కు కొట్టింది.

ఇంకా వెలుతురు ఉంది. గల్లీ చివరిదాకా నేను వాళ్లను చూస్తూ నిలబడ్డాను. అత్త అక్కకు ఆనుకొని కూర్చోలేదు. సీటు చివరికంటా జరిగి కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. ఆమె ఒక చేత్తో వెనక ఇనుప కడ్డీని పట్టుకుంది. రెండో చెయ్యి ఆ ఖాళీలో భుజమెత్తున నిలిచి ఉంది. దేని మీదా ఆని లేదు. గల్లీ మలుపులో గుంతలకు బండి ఎగిరింది, ఆమె తల ఊగింది, కొంగు జారింది. ఆ చెయ్యి మాత్రం కదల్లేదు.